అక్యూట్ హెపటైటిస్ బి కేసును గుర్తించి, నమోదు చేసి, మూలం వెతకడం ఎలా? పీహెచ్‌సీ నుంచి జిల్లా స్థాయి దాకా సమగ్ర మార్గదర్శి

పీహెచ్‌సీ వైద్యాధికారులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏఎన్‌ఎంలు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చింది, అక్యూట్ కేసుగా ఎక్కించాలా?" హెచ్‌బీఎస్ఏజీ అంటే రక్తంలో హెపటైటిస్ బి వైరస్ పైపొర ప్రోటీన్‌ను పట్టే పరీక్ష, అక్యూట్ అంటే ఈ మధ్యే కొత్తగా సోకింది అని. ఆ ఒక్క రిపోర్టు చూసి ఎక్కించకూడదు. అలాగని పక్కన పడేయకూడదు కూడా. ఆ రెండింటి మధ్య చేయాల్సిన పనంతా వరసగా రాస్తున్నాను.

ఈ నిఘా అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ మనిషికి వైరస్ గత ఆరు నెలల్లో ఎక్కడ అంటుకుంది? దానికి జవాబు దొరికితే తర్వాతి కేసును ఆపగలం. కేసును ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్‌లో ఎక్కించి ఊరుకుంటే ఆపలేం.

## 1. ఏ కేసు కోసం వెతుకుతున్నాం?

హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అది పాత ఇన్ఫెక్షనే. పుట్టినప్పుడో చిన్నతనంలోనో సోకి ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. గర్భిణుల పరీక్షల్లో, రక్తదానంలో, ఆపరేషన్ ముందు చేసే టెస్టుల్లో బయటపడేవి చాలావరకు ఇవే. వీటిని క్రానిక్ అంటాం. వీళ్లకు చికిత్స, ఫాలోఅప్ కావాలి. ఆ పని జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద జరుగుతుంది.

అక్యూట్ కేసు అంటే ఈ మధ్యనే కొత్తగా సోకింది. ఎక్కడో ఇన్ఫెక్షన్ ఇప్పుడు కూడా పాకుతోందనడానికి అది గుర్తు. అందుకే సంఖ్య తక్కువైనా దీనికి అంత ప్రాధాన్యం.

వయసు విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు కొత్తగా సోకినా సాధారణంగా కామెర్లు రావు. పెద్దవాళ్లలో కూడా లక్షణాలు కనిపించేది 30 నుంచి 50 శాతం మందిలోనే. పసికందులకు సోకితే 90 శాతం మందిలో క్రానిక్‌గా మారుతుంది, పెద్దవాళ్లలో మారేది 5 శాతం లోపే. కాబట్టి కామెర్ల కేసులు లెక్కపెట్టి పిల్లల్లో ఇన్ఫెక్షన్ ఎంత ఉందో చెప్పలేం. దానికి సీరో సర్వే (లక్షణాలతో పనిలేకుండా కొంతమంది రక్తం పరీక్షించి చూసే సర్వే) కావాలి. ఈ నిఘాలో చిక్కేది ప్రధానంగా యువత, పెద్దవాళ్లు.

## 2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కేసు వచ్చాక ఫోన్లు మొదలుపెడితే వారం గడిచిపోతుంది. ఇవి ముందే సిద్ధంగా ఉండాలి:

- మీ పరిధిలోని ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు, బ్లడ్ బ్యాంకులు, డయాలసిస్ కేంద్రాల జాబితా, ఒక్కోచోట మాట్లాడాల్సిన మనిషి ఫోన్ నంబరు
- ఐజీఎం యాంటీ హెచ్‌బీసీ (కొత్తగా సోకినప్పుడు ఒంట్లో వచ్చే యాంటీబాడీని చూసే) పరీక్ష ఎక్కడ చేస్తారు, నమూనాలు ఏ రోజుల్లో తీసుకుంటారు అన్న సమాచారం
- ప్లెయిన్ లేదా జెల్ ట్యూబులు, లేబుళ్లు, ఐస్ ప్యాకులతో వ్యాక్సిన్ క్యారియర్ లాంటి పెట్టె (టీకాలకు వాడే పెట్టెను మాత్రం దీనికి వాడొద్దు)
- కేసు విచారణ ఫారం, లైన్ లిస్టు (ఒక్కో కేసు వివరాలు ఒక్కో వరసలో రాసే పట్టిక) షీటు
- ఇంట్లో వాళ్లకు వేయడానికి పెద్దల డోసు హెపటైటిస్ బి టీకా ఎక్కడ దొరుకుతుందో వివరం
- ఐహెచ్‌ఐపీ (కేసులు నమోదు చేసే ప్రభుత్వ వ్యాధి నిఘా) పోర్టల్ లాగిన్, పాస్‌వర్డు పనిచేస్తున్నాయో లేదో

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఉద్యోగి బదిలీ అయ్యాక లాగిన్ మార్చుకోక రిపోర్టింగ్ ఆగిపోయిన చోట్లు తక్కువేం కాదు. నెలకోసారి లాగిన్ అయి చూసుకోండి.

## 3. అనుమానిత కేసును పట్టుకోవడం

కేసు మూడు దారుల్లో వస్తుంది. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఊళ్లో చూసేది ఎస్ ఫారంలో ఎక్కుతుంది. అక్కడి కొలమానం నాలుగు వారాల లోపు మొదలైన కామెర్లు. డాక్టరు చూసి అనుమానించింది పీ ఫారంలోకి, ల్యాబులో తేలింది ఎల్ ఫారంలోకి వెళ్తాయి.

డాక్టరు దగ్గరికి వచ్చిన మనిషిని అనుమానిత అక్యూట్ వైరల్ హెపటైటిస్ కింద తీసుకోవడానికి రెండు విషయాలు చూడాలి.

మొదటిది, జబ్బు ఫలానా రోజు మొదలైందని చెప్పగలగాలి: జ్వరం, నీరసం, ఒళ్లు బరువు. రెండోది, కాలేయం దెబ్బతిన్న ఆనవాళ్లు ఉండాలి: ఆకలి చచ్చిపోవడం, వికారం, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, కుడి డొక్క పైభాగంలో నొప్పి, లేదా ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా పెరగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠ పరిమితికి పది రెట్లు మించడం అని ఉంటుంది. అంత పెరగకపోయినా కామెర్లు స్పష్టంగా ఉంటే పరీక్షకు పంపడం ఆపొద్దు.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. కామెర్లు అనగానే చాలామంది ముందు పసరు మందుకో, చేతికి వాత పెట్టించుకోవడానికో వెళ్తారు. ఆసుపత్రికి వచ్చేసరికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. అందుకే పసరు మందు పోసే వాళ్లెవరో ఆశా కార్యకర్తకు తెలిసి ఉండాలి. వాళ్లతో గొడవ పెట్టుకోకుండా, "మీ దగ్గరికి వచ్చినవాళ్లను ఒక్కసారి రక్తపరీక్షకు పంపండి" అని అడగమనండి. చాలామంది పంపుతారు.

ఈ లక్షణాలు కనబడితే ఫారాల సంగతి తర్వాత, ముందు పెద్దాసుపత్రికి పంపాలి:

- మాట తడబడటం, మత్తుగా ఉండటం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం
- చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనాలు
- ఆగని వాంతులు
- ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే పరీక్ష) 1.5 లేదా అంతకంటే ఎక్కువ

## 4. రక్త నమూనా: ఇక్కడ తప్పితే తర్వాతంతా తప్పే

మొదటిసారి చూసిన రోజే నమూనా తీయాలి. "వచ్చే వారం రండి" అంటే సగం మంది రారు.

1. పెద్దవాళ్లకు 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం ప్లెయిన్ లేదా జెల్ ట్యూబులోకి తీయండి.
2. ట్యూబు మీద అక్కడికక్కడే పేరు, వయసు, ఐడీ, తీసిన తేదీ రాయండి. ట్యూబులన్నీ ఒకచోట చేర్చి చివర్లో లేబుల్ వేసే అలవాటు మానేయండి.
3. గది ఉష్ణోగ్రతలో అరగంట గడ్డకట్టనివ్వండి. ఊపకండి. ఎర్రకణాలు చితికితే ఫలితం నమ్మలేం.
4. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) వేరుచేసి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. ఒకట్రెండు రోజుల్లో ల్యాబుకు చేరేలా పంపండి. అంతకంటే బాగా ఆలస్యమయ్యేలా ఉంటే మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి.
5. సీరం వేరుచేయకుండా రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి.
6. కారిపోకుండా మూడు పొరల ప్యాకింగ్ చేసి, అభ్యర్థన ఫారాన్ని విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

ఫారంలో లక్షణాలు మొదలైన తేదీ రాయకుండా పంపకండి. ఆ తేదీ లేకపోతే నెగటివ్ వచ్చిన ఐజీఎంకు అర్థం చెప్పడం కష్టం.

అడగాల్సిన పరీక్షలు: హెచ్‌బీఎస్ఏజీ, ఐజీఎం యాంటీ హెచ్‌బీసీ, వాటితోపాటు ఐజీఎం హెపటైటిస్ ఏ, ఐజీఎం హెపటైటిస్ ఈ, యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి పరీక్ష). హెపటైటిస్ బి పాజిటివ్ రాగానే మిగతావి వదిలేయడం పెద్ద లోపం. క్రానిక్ బి ఉన్న మనిషికి కలుషిత నీళ్లతో హెపటైటిస్ ఈ వచ్చి కామెర్లు అయి ఉండొచ్చు. అప్పుడు మనం వెతకాల్సింది సూదిని కాదు, పైపులైను లీకేజీని.

## 5. రిపోర్టు చదవడం

హెచ్‌బీఎస్ఏజీ లక్షణాలకు ముందే రక్తంలో కనిపిస్తుంది. ఐజీఎం యాంటీ హెచ్‌బీసీ దాదాపు లక్షణాలు మొదలయ్యే వేళకు వచ్చి సాధారణంగా ఆరు నెలల వరకు ఉంటుంది. ఈ రెండూ కలిపి చదవాలి.

హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, ఐజీఎం పాజిటివ్, లక్షణాలు ఉన్నాయి: అక్యూట్‌గా నిర్ధారించి నమోదు చేయండి. అయితే కింద రాసిన ఫ్లేర్ (పాత ఇన్ఫెక్షన్ ఒక్కసారిగా విజృంభించడం) సంగతి ఒకసారి చూసుకున్నాకే.

హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్: దాదాపుగా క్రానిక్. అక్యూట్ లెక్కలో వేయకండి, చికిత్స కేంద్రానికి పంపండి. లక్షణాలు మొదలై రెండు మూడు రోజులే అయి ఉంటే మాత్రం వారం పది రోజుల తర్వాత ఐజీఎం మళ్లీ చేయించండి.

హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్, ఐజీఎం పాజిటివ్: వైరస్ తగ్గుముఖం పట్టిన మధ్యకాలం కావొచ్చు, ఆలస్యంగా వచ్చిన మనిషి కావొచ్చు, తప్పుడు పాజిటివ్ కూడా కావొచ్చు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం లాంటి జబ్బుల్లో రక్తంలో కనిపించే యాంటీబాడీ) ఉన్నవాళ్లలో ఐజీఎం పరీక్షలు తప్పుదారి పట్టించే అవకాశం ఉంది. టోటల్ యాంటీ హెచ్‌బీసీ (కొత్తదైనా పాతదైనా ఎప్పుడో సోకిందని చూపే పరీక్ష) చేయించి, లక్షణాలతో సరిపోల్చి నిర్ణయించండి.

యాంటీ హెచ్‌బీఎస్ (వైరస్ నుంచి రక్షణ ఇచ్చే యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్: టీకా వల్ల వచ్చిన రక్షణ. కేసు కాదు.

ఇంకో చిన్న ఉచ్చు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్న రెండు మూడు వారాల వరకు హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ చూపించవచ్చు. నర్సింగ్ విద్యార్థులు, ఆసుపత్రి సిబ్బంది విషయంలో టీకా ఎప్పుడు వేయించుకున్నారో ముందు అడగండి.

### ఫ్లేర్‌ను ఎలా వేరుచేయాలి?

క్రానిక్ ఉన్న మనిషికి వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తే కామెర్లు వస్తాయి, ఎస్‌జీపీటీ పెరుగుతుంది, ఐజీఎం కూడా తక్కువ స్థాయిలో పాజిటివ్ కావొచ్చు. కాగితం మీద అచ్చం అక్యూట్‌లాగే ఉంటుంది. ఇక్కడ పాత కాగితాలే దిక్కు.

- ఆడవాళ్లయితే పాత కాన్పుల ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు). అప్పుడే పాజిటివ్ ఉంటే ఇది కొత్త కేసు కాదు.
- రక్తదానం చేసినవాళ్లయితే బ్లడ్ బ్యాంకు రికార్డు.
- పాత ఆపరేషన్ల డిశ్చార్జి కాగితాలు.
- గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లబోయేవాళ్లు అయితే మెడికల్ రిపోర్టు. జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప వైపు ఇది చాలా పనికొస్తుంది. వీసా మెడికల్‌లో హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి.

ఈ చివరిది రెండువైపులా పనిచేస్తుంది. ఆరు నెలల లోపు నెగటివ్ రిపోర్టు చేతిలో ఉండి ఇప్పుడు పాజిటివ్ వచ్చిందంటే, కొత్తగా సోకిందనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. లక్షణాలు లేకపోయినా సరే, ఐజీఎం చేయకపోయినా సరే, ఆ కేసును విచారించాల్సిందే.

అల్ట్రాసౌండులో కాలేయం గట్టిపడినట్టో, పొట్టలో నీరు చేరి ప్లీహం పెరిగినట్టో ఉంటే పాత జబ్బు అనుకోవడమే సరైనది.

## 6. పోర్టల్‌లో నమోదు

అనుమానం వచ్చిన రోజే పీ ఫారం. ల్యాబు ఫలితం రాగానే ఎల్ ఫారం. ఫలితం కోసం పీ ఫారం ఆపకండి.

ఎక్కించే ముందు ఈ నాలుగు చూసుకోండి:

- లక్షణాలు మొదలైన తేదీ ఉందా? ఆసుపత్రికి వచ్చిన తేదీని అక్కడ వేశారా?
- ప్రస్తుతం ఉంటున్న చిరునామానా, ఆధార్‌లోదా? ఇటుక బట్టీలో పనిచేసే మనిషి ఆధార్ చిరునామా మరో జిల్లాలో, మరో రాష్ట్రంలో ఉంటుంది.
- ఫోన్ నంబరు అతనిదేనా, తీసుకొచ్చిన బంధువుదా?
- ఇదే మనిషి ప్రైవేటు ల్యాబు నుంచి ఇప్పటికే నమోదయ్యాడా?

కేసులు లేకపోయినా సున్నా అని రిపోర్టు ఇవ్వాలి. ఖాళీగా వదిలేస్తే కేసు లేదో, రిపోర్టు రాలేదో జిల్లాలో ఎవరికీ తెలియదు.

## 7. ఆరు నెలల వెనక్కి వెళ్లడం: అసలు పని ఇదే

ఇంక్యుబేషన్ (సోకినప్పటి నుంచి లక్షణాలు మొదలయ్యేదాకా పట్టే కాలం) 30 నుంచి 180 రోజులు. కామెర్లు కనబడే సమయానికి సాధారణంగా రెండు నుంచి ఐదు నెలల క్రితం సోకి ఉంటుంది. "పోయిన వారం ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు" అనే ప్రశ్నలతో ఇక్కడ పనిలేదు.

ముందు కాలాన్ని లెక్కగట్టండి. జూలై 20న లక్షణాలు మొదలయ్యాయనుకుందాం. 180 రోజులు వెనక్కి వెళ్తే జనవరి 21, 30 రోజులు వెనక్కి వెళ్తే జూన్ 20. ఆ మధ్య జరిగినవన్నీ కావాలి. అందులోనూ ఫిబ్రవరి చివరి నుంచి మే మూడో వారం దాకా మరింత శ్రద్ధగా తవ్వాలి.

తేదీలు అడిగితే ఎవరికీ గుర్తుండవు. పండుగలతో, పనులతో అడగండి. "సంక్రాంతి అయ్యాక ఎప్పుడైనా జ్వరం వచ్చిందా? శివరాత్రి అప్పుడు? ఉగాదికి ఇంట్లోనే ఉన్నారా? మీ మరదలి పెళ్లి వేసవిలోనే కదా, అప్పుడు ఒంట్లో బాగుందా? మృగశిర కార్తె అప్పటికి?" ఇలా అడిగితే మరిచిపోయినవి బయటికొస్తాయి.

సూది గురించి సూటిగా అడిగితే లేదనే అంటారు. మన దగ్గర "సూది" అంటే చాలామందికి జబ్బకో పిరుదుకో వేసేది మాత్రమే. గ్లూకోజు ఎక్కించుకోవడం వాళ్ల లెక్కలో సూది కాదు. సంభాషణ ఇలా నడుస్తుంది:

"ఈ మధ్య ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించుకున్నారా అన్నా?"

"లేదండీ."

"ఎండల్లో నీరసంగా ఉందని గ్లూకోజు ఏమైనా పెట్టించుకున్నారా?"

"ఆ, రెండు బాటిళ్లు ఎక్కించాడు, ఇంటికొచ్చే ఆర్‌ఎంపీ."

"అందులో ఏమైనా మందు కలిపాడా?"

"పసుప్పచ్చగా ఏదో బలానికి కలిపాడు. ఆ రోజు మా అన్నకూ పెట్టాడు."

ఆ చివరి మాట కోసమే ఇంతసేపు కూర్చోవడం. అదే సిట్టింగులో ఇంకెవరికి పెట్టాడో, సిరంజీ కొత్తది చింపాడా, సంచిలోంచి తీశాడా అని అక్కడి నుంచి అడుక్కుంటూ పోవచ్చు.

ఒక్కోటీ విడిగా అడగాల్సినవి:

- ఇంజెక్షన్లు, సెలైన్, రక్తం ఎక్కించుకోవడం
- ఆపరేషన్, కాన్పు, అబార్షన్, కుట్లు
- పన్ను పీకించుకోవడం, పళ్ల చికిత్స. ఊరూరా తిరిగే పళ్ల వైద్యుల గురించి కూడా
- డయాలసిస్
- షుగరు పరీక్ష శిబిరాలు. ఒకే లాన్సెట్ పెన్నుతో పదిమంది వేళ్లు గుచ్చడం మామూలుగా జరుగుతుంది
- సెలూన్లో గడ్డం, ఊళ్లో గుండు, తలనీలాలు, బ్లేడు మార్చారా లేదా
- పచ్చబొట్టు, చెవులు ముక్కు కుట్టించుకోవడం, జాతరలో టాటూ
- కామెర్లకు వాత. లక్షణాల తర్వాత పెట్టించుకుంటే అది మూలం కాదు, కానీ అదే సాధనంతో ఇంకొకరికి పెట్టి ఉంటే అది ప్రమాదమే
- ఇంట్లో రేజరు, టూత్ బ్రష్, నెయిల్ కట్టర్ పంచుకోవడం
- ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ బి ఉందా
- లైంగిక సంబంధాలు
- మత్తుమందు ఇంజెక్షన్లు
- ఆసుపత్రి, ల్యాబు, పారిశుద్ధ్య పనిలో సూది గుచ్చుకోవడం

లైంగిక సంబంధాలు, మత్తుమందుల ప్రశ్నలు అందరి ముందూ అడగకండి. వీలైతే మగవాళ్లను మగ సిబ్బంది, ఆడవాళ్లను ఆడ సిబ్బంది, ఇంటి బయటో పీహెచ్‌సీలోనో విడిగా అడగాలి. "అందరినీ ఇవే అడుగుతాం, మీరు చెప్పింది మా ఫైలు దాటదు" అని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టినా, గుమ్మం మీద గుర్తు వేసినా ఆ ఊళ్లో రెండో కేసు మనదాకా రాదు.

## 8. ఇంట్లో వాళ్లకు, దగ్గరివాళ్లకు

భార్య లేదా భర్త, పిల్లలు, ఒకే గదిలో ఉండేవాళ్లు, లైంగిక భాగస్వాములు. వీళ్లందరికీ హెచ్‌బీఎస్ఏజీ, వీలైతే టోటల్ యాంటీ హెచ్‌బీసీ చేయించాలి. నెగటివ్ అయి, టీకా వేయించుకోని పెద్దవాళ్లకు 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మొదటి డోసు ఆలస్యం చేయొద్దు, అదే రోజు రక్తం తీశాక వేయొచ్చు.

సూది గుచ్చుకున్నవాళ్లకు, టీకా లేని లైంగిక భాగస్వామికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) అవసరం పడొచ్చు. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. సూది గుచ్చుకుంటే 24 గంటల్లో ఇవ్వడం లక్ష్యం, ఏడు రోజులు దాటితే దాని ప్రయోజనం మీద నమ్మకం ఉండదు.

ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె పరీక్ష అన్నిటికంటే ముందు. పాజిటివ్ అయితే ఆసుపత్రిలోనే కాన్పు, బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా బర్త్ డోసు, వీలైతే 12 గంటల్లోపే ఇమ్యునోగ్లోబులిన్. దీన్ని ఎంసీపీ కార్డులో ఎర్ర ఇంకుతో రాయడం కంటే, కాన్పు జరగబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

కలిసి తినడం, ఒకే గ్లాసుతో తాగడం, ముట్టుకోవడం వల్ల రాదని అదే రోజు ఇంట్లో వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పండి. కంచం వేరు పెట్టడం, మంచం బయట వేయడం మొదలయ్యాక మాన్పించడం చాలా కష్టం.

## 9. రెండో కేసు వస్తే

ఆరు నెలల వ్యవధిలో ఒకే ఊరు, ఒకే క్లినిక్కు, ఒకే డయాలసిస్ కేంద్రంతో ముడిపడిన రెండు కేసులుంటే కాకతాళీయం అనుకోకండి. జిల్లా నిఘా అధికారికి అదే రోజు చెప్పాలి. డయాలసిస్‌లో అయితే రెండో కేసు దాకా కూడా ఆగక్కర్లేదు. చేరినప్పుడు నెగటివ్ ఉన్న రోగి తర్వాత పాజిటివ్ అయితే ఆ ఒక్కటే చాలు.

2009 ఆరంభంలో గుజరాత్‌లో అప్పటి సబర్‌కాంఠా జిల్లా మోడాసాలో వందల మందికి హెపటైటిస్ బి సోకింది, పదుల సంఖ్యలో చనిపోయారు. వాడేసిన సిరంజీలను మళ్లీ వాడటమే దాని వెనుక ఉన్న కారణం. ఇంజెక్షన్ ద్వారా పాకితే ఒక చిన్న పట్టణంలో ఎంత నష్టం జరుగుతుందో అక్కడ కళ్లారా కనబడింది.

చేయాల్సిన వరస:

1. అన్ని కేసులకు ఒకే ఫారంతో లైన్ లిస్టు చేయండి. ఐజీఎం నిర్ధారణ ఉన్నవి, లేనివి విడిగా గుర్తు పెట్టండి.
2. లక్షణాలు మొదలైన తేదీ ప్రకారం గ్రాఫు గీయండి. రిపోర్టు వచ్చిన తేదీతో గీస్తే ల్యాబు పనిరోజులు కనిపిస్తాయి తప్ప వ్యాధి కనిపించదు.
3. గత ఆరు నెలల కామెర్ల కేసులు, కామెర్లతో చనిపోయినవాళ్ల వివరాలు ఊళ్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో వెతకండి.
4. అనుమానం ఒకచోటికి చేరితే, అదే వయసు, అదే ఊరిలో జబ్బు లేనివాళ్లనూ అవే ప్రశ్నలు అడిగి పోల్చండి. ఊరంతా ఒకే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లేటప్పుడు, కేసులందరూ అతని దగ్గరికి వెళ్లారన్నంత మాత్రాన ఏమీ తేలదు. వెళ్లినవాళ్లలో ఎవరికి ఇంజెక్షన్ పడింది, ఎవరికి మాత్రలే ఇచ్చారు అన్నది తేల్చాలి.
5. ఆ చోటికి వెళ్లి చూడండి. బెదిరించడానికి కాదు, చూడటానికి.
6. కొన్ని సీరం నమూనాలు దాచి పెట్టండి. వైరస్ జన్యుక్రమాలు పోల్చి చూడాల్సి రావొచ్చు.

క్లినిక్కుకు వెళ్లినప్పుడు చూడాల్సినవి: చించిన సిరంజీ ప్యాకెట్లు, ఆ రోజు వచ్చిన రోగుల సంఖ్యకు సరిపోతున్నాయా? మల్టీ డోస్ వయల్ మూతకు సూది గుచ్చి అలాగే వదిలేశారా? ఒకే సెలైన్ బాటిల్ నుంచి నలుగురికీ మందు కలుపుతున్నారా? సూది మార్చి సిరంజీ అదే వాడుతున్నారా? ఈ ఆఖరిదాన్ని చాలామంది సురక్షితం అనుకుంటారు, కానీ సిరంజీలోకి కూడా రక్తం వెనక్కి వస్తుంది. సూదుల డబ్బా ఎక్కడికి పోతోంది? ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది కాబట్టి ట్రేలు, బల్లలు కూడా చూడాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తొలిరోజే పోలీసులతో వెళ్లి షట్టరు దింపితే, అక్కడికి వచ్చినవాళ్ల పేర్లు చెప్పగల ఏకైక మనిషి మాయమవుతాడు. ప్రమాదకరమైన ఇంజెక్షన్లు ఆ రోజే ఆపించాలి, అందులో రాజీ లేదు. దాంతోపాటే రోగుల జాబితా, పుస్తకం, ఫోన్‌పే రికార్డులు చేతికి తెచ్చుకోవాలి. చట్టపరమైన చర్య ఆ తర్వాత.

## 10. నెలకోసారి లెక్కలు చూడటం

జిల్లా స్థాయిలో ఇది గంట పని. నిర్ధారిత అక్యూట్ కేసులు మండలం, వయసు, ఆడ మగ వారీగా చూడండి. లక్షణాల తేదీ లేనివి ఎన్ని, ఐజీఎం చేయనివి ఎన్ని, విచారణ పూర్తయినవి ఎన్ని అన్నది విడిగా రాయండి.

ఐదేళ్ల లోపు పిల్లల్లో ఒక్క అక్యూట్ కేసు కనబడినా ఆగి చూడండి. తల్లి స్థితి ఏమిటి, బర్త్ డోసు పడిందా, 6, 10, 14 వారాల పెంటావాలెంట్ (హెపటైటిస్ బి కూడా కలిసిన టీకా) పూర్తయిందా అని కార్డు చూసి రాయాలి, తల్లి నోటి మాట మీద ఆధారపడొద్దు.

కేసులు ఒక్కసారిగా పెరిగితే ముందు కొత్త ల్యాబు రిపోర్టింగ్ మొదలుపెట్టిందా, కిట్లు మారాయా అని చూసుకోండి. ఒక్కసారిగా సున్నా అయితే కిట్లు అయిపోయాయేమో చూడండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

బ్లడ్ బ్యాంకు పాజిటివ్‌లన్నీ అక్యూట్‌గా ఎక్కించడం. అవి స్క్రీనింగ్ ఫలితాలు. ఐజీఎం చేయించేదాకా అక్యూట్ లెక్కలో వేయకండి. ఇప్పటికే ఎక్కించి ఉంటే జిల్లాకు రాసి వర్గీకరణ మార్పించండి.

రాపిడ్ కిట్ నెగటివ్ రాగానే కేసు వదిలేయడం. కామెర్లు స్పష్టంగా ఉంటే సీరం ఎలైసాకు (ల్యాబులో చేసే యాంటీబాడీ, యాంటిజెన్ పరీక్షకు) పంపండి.

"మూలం తెలియలేదు" అని మొదటిసారే రాసేయడం. రెండోసారి వెళ్లండి. తొలిసారి సిగ్గుతోనో భయంతోనో చెప్పనిది, ఒంట్లో కాస్త నెమ్మదించాక చెప్తారు. ఇంటి మందుల సంచి, పాత చీటీలు, వాడిన సెలైన్ బాటిల్ లేబుల్ చూపించమనండి.

ఒకే మనిషి మూడుసార్లు నమోదు కావడం. ల్యాబు, ఆసుపత్రి, పీహెచ్‌సీ విడివిడిగా ఎక్కిస్తాయి. పేరు, వయసు, ఫోన్‌తో నెలాఖరున పోల్చి కలపండి. మన పేర్లు ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు కాబట్టి ఇంటిపేరు ముందో వెనుకో చూసి కలపాలి.

ప్రైవేటు ల్యాబులు పంపడం లేదని ఫిర్యాదు చేసి ఊరుకోవడం. అక్కడి టెక్నీషియన్‌కు వారానికోసారి మీరే ఫోన్ చేయండి. రెండు నిమిషాల పని. వాళ్లు పంపిన కేసులో ఏం తేలిందో తిరిగి చెప్పండి. అలా చెప్పే చోట రిపోర్టింగ్ నిలబడుతుంది.

## 12. ఆరు నెలలకు ఫైలు మూసేటప్పుడు

లక్షణాలు మొదలైన తేదీకి ఆరు నెలలు కలిపి క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఆ రోజు చూడాల్సినవి:

- హెచ్‌బీఎస్ఏజీ మళ్లీ చేయించారా? నెగటివ్ అయితే యాంటీ హెచ్‌బీఎస్ వచ్చిందా?
- ఇంకా పాజిటివ్ ఉంటే క్రానిక్‌గా మార్చి చికిత్స కేంద్రానికి పంపారా, అక్కడ నమోదు అయినట్టు నిర్ధారించుకున్నారా?
- ఇంట్లో వాళ్లకు మూడో డోసు పడిందా?
- తొలి పరీక్షలో నెగటివ్ ఉన్న భార్య లేదా భర్తకు మళ్లీ పరీక్ష అయిందా?
- అనుమానించిన చోట ఇంజెక్షన్ల పద్ధతి మారిందో లేదో ఎవరైనా మళ్లీ వెళ్లి చూశారా?

మనిషి వలస వెళ్లిపోతే వెళ్లిన జిల్లా నిఘా విభాగానికి కేసు వివరాలు పంపి, పంపిన తేదీ ఫైల్లో రాయండి. ఐదింటికీ జవాబు రాశాకే ఫైలు మూసేయండి.